ఆకాశానికి చెవి ఒగ్గిన గూన్‌హిల్లీ

ఇంగ్లండు పటం తీసి చూడండి. నైరుతి మూలన, సముద్రంలోకి కాలు చాచినట్లు పొడుగ్గా ఒక భూభాగం కనిపిస్తుంది. అది కార్నవాల్. ఆ కాలికి మడమలాగా దక్షిణానికి పొడుచుకు వచ్చిన ముక్క పేరు లిజర్డ్. బ్రిటన్ ప్రధాన భూభాగంలో ఇంతకంటె దక్షిణాన మరి నేల లేదు. అక్కడ ఒడ్డున నిలబడి పడమటికి చూస్తే కనుచూపు మేర అట్లాంటిక్ మహాసముద్రమే. దాని ఆవలి ఒడ్డున అమెరికా.

ఇంగ్లండు వెళ్ళే మనవాళ్ళు లండన్ చూస్తారు, షేక్స్‌పియర్ పుట్టిన ఊరు చూస్తారు, తీరిక వుంటే స్కాట్లండు సరస్సులు చూసి వస్తారు. లిజర్డ్ దాకా వెళ్ళేవారు అరుదు. కాని భూగోళానికి ఒక వైపు జరుగుతున్న సంగతిని రెండో వైపున ఇంట్లో కూర్చుని అదే క్షణంలో చూడడమనే వింతకు అంకురార్పణ జరిగిన మూడు చోట్లలో ఇది ఒకటి. మిగతా రెండూ అమెరికాలోని ఆండోవర్, ఫ్రాన్సులోని ప్లమర్-బొదు. మూడింటిలోనూ లిజర్డ్ కథే విచిత్రమైనది. ఎందుకంటే మొదటి రాత్రి ఇక్కడివాళ్ళు ఓడిపోయారు. ఓడింది యంత్రం చెడిపోయి కాదు, ఒక మాటకు రెండర్థాలు వుండి!

దారి పొడుగునా

లండన్‌లోని పాడింగ్టన్ స్టేషనులో పెంజాన్స్ వెళ్ళే రైలు ఎక్కాలి. అటూ ఇటూగా అయిదు గంటల ప్రయాణం. డాలిష్ అనే ఊరి దగ్గర రైలు సముద్రాన్ని రాసుకుంటూ పోతుంది. గాలివాన రోజుల్లో అలలు పెట్టెల కిటికీలకు కొట్టుకుంటాయి. ప్లిమత్ దాటగానే టేమర్ నది మీద బ్రూనెల్ అనే మహా ఇంజనీరు కట్టిన వంతెన వస్తుంది. 1859లో కట్టిన ఆ వంతెన దాటితే కార్నవాల్‌లో ప్రవేశించినట్లే.

రెడ్రూత్‌లో దిగి బస్సులో హెల్‌స్టన్ చేరాలి. ఒకప్పుడు హెల్‌స్టన్‌కు చిన్న రైలు శాఖ వుండేది. దాని మీద ప్రయాణికుల బండ్లు 1962 నవంబరులో ఆగిపోయాయి. ఆ సంవత్సరం గుర్తుంచుకోండి. ఈ ప్రాంతానికి రైలు పోయిందీ, ఆకాశమార్గం వచ్చిందీ ఒక్క ఏడే!

హెల్‌స్టన్ మిట్టపల్లాల వీధులున్న చిన్న పట్నం. ఏటా సాధారణంగా మే నెల 8వ తేదీన ఊరు ఊరంతా జతలు జతలుగా వీధుల్లో నృత్యం చేస్తూ, ఒక ఇంటి వాకిట్లో దూరి దొడ్డి గుమ్మంలో బయటికి వచ్చే వేడుక ఒకటి ఇక్కడ వుంది. ఈ ప్రాంతపు తిండి పేస్టీ. చూడడానికి అచ్చం మన కజ్జికాయే, కాని అరచేయంత పెద్దది. లోపల కొబ్బరీ బెల్లమూ కాదు, మాంసమూ బంగాళాదుంపా వుంటాయి. వెనకటి రోజుల్లో తగరపు గనుల్లోకి దిగే కూలీలు దీన్ని చద్దిగా పట్టుకుపోయేవారు. శాకాహారులు బెంగపడనక్కరలేదు. కూరగాయలతో చేసినవి కూడా దొరుకుతాయి.

హెల్‌స్టన్ నుంచి ఆగ్నేయంగా కొద్ది మైళ్ళు వెళ్ళేసరికి చెట్లు తగ్గిపోతాయి. పొలాలు కూడా పోతాయి. గాలి తప్ప మరేమీ లేని బయలు వస్తుంది. అదే గూన్‌హిల్లీ. కార్నిష్ భాషలో 'గూన్' అంటే ఇలాంటి ఎత్తయిన బయలే. జూలై మొదలు సెప్టెంబరు దాకా ఇక్కడి పొదలకు లేత గులాబీ రంగు పూలు పూస్తాయి. ఆ రోజుల్లో నేలంతా చీర పరచినట్లుంటుంది. ఆ చీర నడుమ, ఆకాశంవైపు నోళ్ళు తెరుచుకుని, ఇళ్ళకంటె ఎత్తయిన తెల్లని పళ్ళేలు నిలబడి వుంటాయి.

ఇక్కడే ఎందుకు?

ఇంత పెద్ద దేశంలో ఇంజనీర్లు ఈ మూలనే ఎందుకు ఎంచుకున్నారు? మొదటిది చూపు. ఇక్కడ కొండలు లేవు, మేడలు లేవు. దిక్చక్రం నాలుగువైపులా నున్నగా వుంటుంది. సముద్రం అంచు మీద ఉపగ్రహం తల ఎత్తీ ఎత్తగానే పట్టుకోవచ్చు. రెండోది నిశ్శబ్దం. ఫ్యాక్టరీలూ పెద్ద పట్నాలూ దూరం కాబట్టి రేడియోకు అడ్డువచ్చే గలభా తక్కువ. మూడోది నేల. దీని అడుగున సర్పెంటైన్ అనే గట్టి రాయి వుంది. ముదురాకుపచ్చ మీద ఎర్రని చారలతో పాము చర్మంలా మెరుస్తుంది కాబట్టి దానికా పేరు. లిజర్డ్ గ్రామంలో ఆ రాతితో చిన్న చిన్న బొమ్మలూ దీపపు స్తంభాలూ చెక్కి అమ్ముతారు. వెయ్యి టన్నుల యంత్రాన్ని కదలకుండా మోయడానికి అంతకంటె నమ్మకమైన పునాది ఏముంటుంది?

ఈ సంగతి పూర్వులు కూడా ఎరుగుదురేమో! స్టేషను కంచె పక్కనే పది అడుగుల ఎత్తు రాతి స్తంభం ఒకటి నిలువునా పాతి వుంది. దాన్ని 'ఎండు మాను' అంటారు. చరిత్రకు పూర్వపు మనుషులు నిలబెట్టిన రాయి అది. మధ్యలో పడిపోతే 1928లో మళ్ళీ నిలబెట్టారు. వాళ్ళు దాని చుట్టూ చేరి ఏ దేవతను పిలిచారో తెలియదు గాని, పైకి చూడడానికి ఇది మంచి చోటని మాత్రం వారికీ తోచినట్లున్నది.

దూరానికి మాట పంపడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. పడమటి తీరాన పోర్త్‌కర్నో అనే ఇసుక రేవు వున్నది. మన బొంబాయి నుంచి సముద్రం అడుగున వేసుకుంటూ వచ్చిన తంతి తీగ 1870లో ఒడ్డెక్కింది అక్కడే. అంతకుముందు ఓడ మీద వారాల తరబడి ప్రయాణం చేసే కబురు, ఆ తరువాత నిమిషాలలో చేరసాగింది. గూన్‌హిల్లీకి కొద్ది మైళ్ళ దూరంలోనే పోల్డూ అనే కొండకొన వుంది. 1901 డిసెంబరు 12న మార్కోనీ మనుషులు అక్కడి నుంచి మూడు చుక్కల సంకేతం పంపగా, సముద్రానికి ఆవల న్యూఫౌండ్‌లండులో తాను విన్నానని మార్కోనీ ప్రకటించాడు. మొదట తీగ, తరువాత తీగలేని తంతి. మూడోది ఉపగ్రహం.

ఆర్థర్ అనే పళ్ళెం

గూన్‌హిల్లీ పళ్ళేలలో పెద్దన్న పేరు ఆర్థర్. ఈ దేశపు పురాణగాథలలోని రాజు పేరు అది. 1961లో పని మొదలై ఏడాదిలోపునే ముగిసింది. వ్యాసం 85 అడుగులు, బరువు 1118 టన్నులు. దీన్ని రూపొందించింది హస్బండ్ కంపెనీ. అంతకు ముందు జాడ్రెల్ బాంక్‌లోని ప్రసిద్ధ రేడియో దూరదర్శినిని రూపొందించినది కూడా వారే. కట్టించినది బ్రిటిష్ తపాలాశాఖ. ఆ రోజుల్లో ఆ దేశంలో టెలిఫోనులు దాదాపు అన్నీ తపాలాశాఖ చేతిలోనే వుండేవి.

అటు అమెరికాలో బెల్ కంపెనీవారు టెల్‌స్టార్ అనే ఉపగ్రహం తయారు చేశారు. అది మూడడుగుల వ్యాసం కూడా లేని గోళం. బరువు 170 పౌన్లు. ఒంటినిండా 3600 సూర్యఘటాలు. అవన్నీ కలిపి ఇచ్చే విద్యుత్తు 14 వాట్లు. అందులో భూమికి తిరిగి పంపే రేడియో శక్తి 2 వాట్ల పైచిలుకు మాత్రమే. వెనకటి రోజుల్లో మన ఇంట్లో రాత్రిపూట వెలిగించుకునే గుడ్డి దీపానికి కూడా అంతకంటె ఎక్కువ కావలసి వచ్చేది! మూడువేల మైళ్ళ దూరం నుంచి అది భూమికి చేరేసరికి, 85 అడుగుల పళ్ళెం మొత్తం ఏరి తెచ్చినా దొరికేది ఒక వాట్టులో లక్ష కోట్లవ వంతు, లేదా అలాంటివి రెండు మూడు వంతులు.

అంత సన్నని శబ్దం వినాలంటే చుట్టూ సద్దు వుండకూడదు. రేడియో యంత్రానికి వేడి కూడా సద్దే. అందుకని మొదటి వర్ధక యంత్రంలోని కెంపు స్ఫటికాన్ని ద్రవ హీలియంలో ముంచి, సున్నాకు దిగువన 269 డిగ్రీల చలిలో వుంచారు. కెంపును నగలో పొదగడం మనకు తెలుసు. దానిచేత ఆకాశవార్త వినిపించడం వీరి పని.

ఉపగ్రహం ఒకచోట నిలిచేది కాదు. టెల్‌స్టార్ 157 నిమిషాలకొకసారి భూమిని చుట్టేది. అటు అమెరికాకూ ఇటు ఐరోపాకూ ఒకేసారి కనిపించేది ఇరవై నిమిషాలో, ఇంకొంచెమో. ఆర్థర్ చూపు వెడల్పు చంద్రబింబంలో సగం కూడా లేదు. 1118 టన్నుల బరువు, కంటికి కనిపించని ఆ బంతి వెంట, సముద్రపు గాలిని తట్టుకుంటూ, ఒక్క కుదుపు లేకుండా తిరగాలి. ఏ సెకనుకు ఎటు చూడాలో ముందే లెక్కకట్టి, కాగితపు పట్టీ మీద చిల్లులుగా పొడిచి, ఆ పట్టీ ప్రకారం పళ్ళేన్ని తిప్పేవారు.

పరీక్షలు

కొత్త ఇంట్లో పాలు పొంగించేముందు తలుపులూ గడియలూ సరిచూసుకున్నట్లే, ఇలాంటి స్టేషను తెరిచేముందు పెద్ద పరీక్షల తంతు వుంటుంది. పళ్ళెం వంపు సరిగా వున్నదా? గాలికి వంగుతోందా? చెప్పిన కోణానికి తిరిగి కచ్చితంగా అక్కడే ఆగుతోందా? చూపు సరిచూడడానికి ఆకాశంలోనే దేవుడిచ్చిన గురుతులున్నాయి. కాసియోపియా రాశిలో ఎప్పుడో పేలిపోయిన నక్షత్రం శేషం ఇప్పటికీ రేడియో తరంగాలు వెదజల్లుతూ వుంటుంది. పళ్ళేన్ని దానివైపు తిప్పితే శబ్దం పెరగాలి. పెరిగితే గురి కుదిరినట్లు. దూరాన కొండ మీద చిన్న ట్రాన్స్‌మిటరు పెట్టి, దాన్ని వినడం మరో పరీక్ష.

ఇలాంటి పరీక్షలకు చుట్టుపక్కల లోహం వుండరాదు. వుంటే తరంగాలు దానికి తగిలి తిరిగివచ్చి లెక్క తప్పిస్తాయి. మన దేశంలో యాపిల్ అనే ఉపగ్రహానికి ఆంటెన్నా పరీక్ష చేయవలసి వచ్చినప్పుడు, మన శాస్త్రజ్ఞులు దాన్ని బెంగుళూరులో ఎడ్లబండి మీద పెట్టి బయలులో నిలిపారు. ఆ ఫోటో చూసి బీదదేశపు అవస్థ అని నవ్విన వాళ్ళున్నారు. నిజానికి అది అవస్థ కాదు, ఆలోచన. లారీ అయితే ఒళ్ళంతా ఇనుమే. కొయ్యబండికి ఆ బాధ లేదు. ఆ యాపిల్ 1981 జూన్ 19న ఆకాశానికి ఎగిరి చక్కగా పనిచేసింది.

ఇక గూన్‌హిల్లీకి వద్దాం. ఇలాంటి పరీక్షలన్నిటిలో నెగ్గినా బయటపడని లోపం ఒకటి వుంటుంది. అది తెలియాలంటే ముందు ఒక చిన్న సంగతి చెప్పుకోవాలి.

టెల్‌స్టార్ పంపే తరంగాలు తిన్నగా రావు, సుడి తిరుగుతూ వస్తాయి. ఆ సుడి కుడివాటం కావచ్చు, ఎడమవాటం కావచ్చు. వినే యంత్రం కూడా అదే వాటానికి అమర్చి వుండాలి. కుడిచేతి తొడుగు ఎడమచేతికి పట్టనట్లే, వాటం తప్పితే తరంగం లోపలికి దూరదు. సరే, కుడివాటం అని కాగితం మీద రాసుకుంటే సరిపోతుంది గదా అంటారు. మీ ఇంట్లో సీలింగు ఫ్యాను కింద పడుకుని చూడండి. అది ఒక వైపుకు తిరుగుతున్నట్లుంటుంది. అదే ఫ్యానును కప్పులో రంధ్రం చేసి పైనుంచి చూస్తే రెండో వైపుకు తిరుగుతుంది. ఫ్యాను మారలేదు, చూసే చోటు మారింది. తరంగం కూడా అంతే. పంపేవాడి వెనుక నిలబడి చూస్తే కుడివాటమైనది, పుచ్చుకునేవాడి ముందుకు వచ్చేసరికి ఎడమవాటంగా కనిపిస్తుంది. పుస్తకాలలో రెండు రకాల నిర్వచనాలూ వాడుకలో వున్నాయి.

నక్షత్రంతో చేసే పరీక్ష ఈ లోపాన్ని పట్టలేదు. నక్షత్రం నుంచి వచ్చే రేడియో శబ్దానికి కుడీ ఎడమా లేవు, రెండు వాటాలూ సమంగా కలిసి వుంటాయి. యంత్రం ఎటు అమర్చినా శబ్దం అంతే పలుకుతుంది. తమ సొంత ట్రాన్స్‌మిటరుతో చేసే పరీక్షా అంతే. తాను రాసిన లెక్కను తానే దిద్దుకుంటే, తన పొరపాటే తనకు ఒప్పుగా కనిపించదూ?

ఆ రాత్రి

1962 జూలై 10న ఫ్లారిడాలోని కేప్ కనవరల్ నుంచి టెల్‌స్టార్ ఎగిరింది. మంచి గురి మీద ఆరో చుట్టు వచ్చేసరికి బ్రిటన్‌లో అర్ధరాత్రి దాటింది. దేశంలో లెక్కలేనంత మంది నిద్ర మానుకుని టెలివిజన్ల ముందు కూర్చున్నారు. గూన్‌హిల్లీ గదిలో బీబీసీ వ్యాఖ్యాత రేమండ్ బాక్స్‌టర్ మైకు పట్టుకుని వున్నాడు. ఎదుట తెర వెలుగుతోంది.

తెర మీద గీతలు కదిలాయి. మెరుపుల్లా ఏవో వచ్చిపోయాయి. బొమ్మ మాత్రం లేదు. ఇంజనీర్లు మీటలు సవరించారు. పళ్ళెం సరిగ్గానే తిరుగుతోంది. గురి సరిగ్గానే వున్నది. మరి బొమ్మ ఏదీ? నిమిషాలు గడుస్తున్నాయి. ఉపగ్రహం దిక్చక్రం వైపు జారిపోతోంది. చివర ఒక మనిషి ముఖం లీలగా కనిపించి, నీళ్ళలో నీడలా చెదిరిపోయింది. అంతే. టెల్‌స్టార్ అస్తమించింది.

అదే వేళకు ఇంగ్లీషు చానెల్‌కు ఆవల, ప్లమర్-బొదులో ఫ్రెంచివారి తెర మీద ఆండోవర్ స్టేషను ఎదుట ఎగురుతున్న అమెరికా జెండా స్పష్టంగా రెపరెపలాడింది. అక్కడి గడియారంలో రాత్రి 12 గంటల 47 నిమిషాలు. ఫ్రెంచివారి సంతోషం చెప్పనలవి కాదు. దేశమంతా చూస్తుండగా తెర మీద బొమ్మ నిలపలేకపోయిన గూన్‌హిల్లీ ఇంజనీర్ల పరిస్థితి వేరే చెప్పాలా? పెళ్ళివారందరూ పందిట్లో కూర్చున్నాక పొయ్యి రాజుకోని వంటవాడి పరిస్థితి అది.

పైగా ఆ రాత్రి తేలవలసినది ఒక్క బొమ్మ సంగతే కాదు. ఆండోవర్‌లో అమెరికావారు కట్టినది పళ్ళెం కాదు. 177 అడుగుల పొడవున్న బాకా. దాని మీద గాలి నింపిన పెద్ద గుడ్డ బుడగ కప్పారు. ఫ్రెంచివారు అదే నమూనాను కొని తెచ్చి నిలబెట్టుకున్నారు. బ్రిటిష్‌వారు మాత్రం ఎండకూ వానకూ తెరిచి వుంచిన పళ్ళెం మేలని, తమ సొంత పద్ధతిన కట్టారు. ఇప్పుడు అందరి వేళ్ళూ పళ్ళెం వైపే చూపాయి.

లోపం వెతికినవారికి అది పళ్ళెంలో కనపడలేదు. పళ్ళేనికి ముందు తరంగాన్ని పుచ్చుకునే అమరికలో చిన్న భాగం ఒకటి తిరగబడి వున్నది. ఎవరి చేతి అజాగ్రత్తా కాదు. అమెరికా కాగితాలలో వున్న 'వాటం' అనే మాటను ఒక అర్థంలో వారు రాస్తే, రెండో అర్థంలో వీరు చదువుకున్నారు. ఫ్రెంచివారికి ఈ చిక్కు రాలేదు. ఎందుకంటే వారు యంత్రంతోపాటు అర్థాన్ని కూడా కొని తెచ్చుకున్నారు!

ఆ చిన్న భాగాన్ని మార్చి పెట్టారు. జూలై 11 రాత్రి గూన్‌హిల్లీ నుంచి వెళ్ళిన బొమ్మలు అమెరికాలో నిర్మలంగా కనిపించాయి. జూలై 23న రెండు ఖండాల ప్రజలకోసం మొదటి ఉమ్మడి కార్యక్రమం జరిగింది. షికాగోలో ఆడుతున్న బేస్‌బాల్ ఆటనూ, ప్రెసిడెంటు కెనెడీ పత్రికల వారితో మాట్లాడడాన్నీ ఐరోపా ఇళ్ళలో కూర్చుని చూసింది. అటు అమెరికా సిస్టీన్ ప్రార్థనాలయాన్ని చూసింది.

తరువాత సంగతి

టెల్‌స్టార్ మాత్రం అల్పాయుష్షుది. అది ఎగరడానికి ముందురోజునే, 1962 జూలై 9న, అమెరికా పసిఫిక్ సముద్రం పైన ఆకాశంలో ఒక అణ్వస్త్రాన్ని పేల్చింది. ఆ పేలుడు వెదజల్లిన కణాలు భూమి చుట్టూ చిక్కుకుని, పాపం, ఆ చిన్న గోళం గుండెను తినేశాయి. నవంబరులో మూగబోయింది. ఇంజనీర్లు ఎలాగో జనవరిలో మళ్ళీ మాట్లాడించారు. 1963 ఫిబ్రవరి 21తో దాని గొంతు శాశ్వతంగా ఆగింది. మనుషుల్ని కలపడానికి వెళ్ళిన యంత్రం, మనుషుల పగకోసం చేసిన పరీక్షకు బలి అయింది. ఇప్పటికీ అది మూగగా భూమిని చుట్టుతూనే వుంది.

మొదటి రాత్రి తలవంచుకున్న పళ్ళెం మాటేమిటి? 1965లో ఎర్లీబర్డ్ అనే, ఒకేచోట నిలిచినట్లుండే ఉపగ్రహం వచ్చింది. 1969లో చంద్రుడి మీద మనిషి నడవడం ఐరోపాలో చాలామంది చూసింది గూన్‌హిల్లీ గుండా వచ్చిన బొమ్మలలోనే. కాలక్రమాన బాకాలు పోయాయి. ప్రపంచమంతటా తెరిచి వుంచిన పళ్ళెమే నిలిచింది. మన వూళ్ళలో డాబాల మీద కనిపించే చిన్న డిష్షు కూడా ఆర్థర్ వంశంలోదే. ఫ్రెంచివారి బాకా తన తెల్లని బుడగ కింద మ్యూజియంగా వున్నది. ఆర్థర్‌ను 2003లో బ్రిటన్ రక్షిత కట్టడాల జాబితాలో చేర్చారు.

ఆ వంశం మన రాష్ట్రానికీ వచ్చింది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా, 6 రాష్ట్రాలలో 2400 గ్రామాలకు అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా టెలివిజన్ కార్యక్రమాలు అందాయి. ఆనాటి ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. ఉపగ్రహం నుంచి తెలుగు మాట దిగివచ్చింది అప్పుడే. ఆ గ్రామాలలో పెట్టినది వెయ్యి టన్నుల పళ్ళెం కాదు, కోళ్ళగూళ్ళకు వాడే ఇనుప వలతో చేసిన పదడుగుల గొడుగు. దాన్ని కొంచెం కొంచెంగా తిప్పుతూ, తెర మీద బొమ్మ కుదిరేదాకా సరిచేయాలి. బొమ్మ కుదరడమే ఆ ఊరికి ప్రారంభోత్సవం.

ఆ రాత్రి నేర్పిన పాఠం ఇవాళ ప్రతి స్టేషను ప్రారంభంలోనూ ఆచారమైంది. కొత్త స్టేషను కట్టినవారు, మా యంత్రం మంచిదే అనుకుని మాట్లాడడం మొదలుపెట్టరు. ముందు ఉపగ్రహాన్ని కనిపెట్టుకుని వుండేవారికి టెలిఫోను చేస్తారు. 'సన్నగా ఒక్క స్వరం పంపుతున్నాం, చూడండి' అంటారు. అవతలివారు తమ తెర మీద చూసి, 'కొంచెం తిప్పండి, ఇంకొంచెం, చాలు' అంటారు. తమకు కేటాయించిన వాటంలో గట్టిగానూ, రెండో వాటంలోకి వెయ్యో వంతుకు మించి కారకుండానూ వుంటేనే శక్తి పెంచమని అనుమతి. ఆ పైన తమ మాటను తామే ఉపగ్రహం మీదుగా తిప్పి వింటారు. పైకీ కిందికీ కలిపి 45 వేల మైళ్ళ దూరం పోయి, పావు సెకను దాటాక తమ గొంతు తమకు వినపడుతుంది. అప్పుడు గాని స్టేషను పుట్టినట్లు లెక్క కాదు.

గూన్‌హిల్లీలో ఆ తరువాత చాలా మార్పులు వచ్చాయి. సముద్రం అడుగున అద్దపు తీగలు వచ్చి టెలిఫోను పని చాలావరకు తీసుకుపోయాయి. యాత్రికులకోసం నడిపిన ప్రదర్శనశాల 2010లో మూతపడింది. ఇక దీని కథ ముగిసిందన్నారు. కాని కొత్త యాజమాన్యం పూనుకుని, మెర్లిన్ అనే 32 మీటర్ల పళ్ళేన్ని దూరపు వ్యోమనౌకలతో మాట్లాడడానికి తగినట్లు తిరిగి తీర్చిదిద్దింది. 2021లో అంగారకుడి చుట్టూ తిరుగుతున్న మార్స్ ఎక్స్‌ప్రెస్ నౌకతో దాని పరీక్ష జరిగింది. 2024 ఫిబ్రవరి 22న ఒక అమెరికా కంపెనీ నౌక చంద్రుడి మీద దిగి పక్కకు ఒరిగినప్పుడు, దాని బలహీనమైన గొంతుకోసం చెవి ఒగ్గిన వాటిలో ఈ మెర్లిన్ కూడా ఒకటి.

వెళ్ళదలచినవారికి ఒక మాట. జూలై, ఆగస్టు నెలలు మంచివి. పూలు వుంటాయి, వాన కొంత తక్కువ. గొడుగు పనికిరాదు, గాలికి తిరగబడుతుంది. వానకోటు తీసుకుపోండి. స్టేషను చుట్టూ వున్న బయలు రక్షిత ప్రకృతివనం. ఎండు మాను రాతి దగ్గర నిలబడితే ఆర్థర్ దగ్గరగా కనిపిస్తాడు. ఓపిక వుంటే మరునాడు పోర్త్‌కర్నో వెళ్ళి తంతి మ్యూజియం కూడా చూడండి. బొంబాయి తీగ ఒడ్డెక్కిన ఆ ఇసుకలో పిల్లలు ఇళ్ళు కట్టుకుంటూ వుంటారు.

ఎంత మంచి యంత్రమైనా ఒక ఒడ్డునే నిలబడి తనను తాను పరీక్షించుకుంటే చాలదు. అవతలి ఒడ్డున వున్నవాడు 'వినపడింది' అనాలి. గూన్‌హిల్లీ ఆ మాటకోసం ఒక రాత్రీ ఒక పగలూ ఎదురుచూసింది. ఆ ఎదురుచూపులో తెలుసుకున్నదాన్ని ప్రపంచమంతా ఇవాళ ఆచరిస్తోంది.